పదకొండు రూపాయల పౌరుషం

చరిత్రకీ సినిమాకీ పెళ్ళి చేస్తే కాపురం ఎలా ఉంటుందో మనందరికీ తెలిసిందే. మొదటి వారం ముచ్చటగా ఉంటుంది. తర్వాత రెండు వైపులవాళ్ళూ పంచాయితీకి కూర్చుంటారు. "మా పిల్లను గుర్తుపట్టలేకుండా చేశారు" అంటారు చరిత్ర తరఫువాళ్ళు. "ఉన్నదున్నట్టు తీస్తే చూసేదెవరండీ?" అంటారు సినిమావాళ్ళు.

ఈ తగాదా మనకొక్కరికే కాదు. 2023లో రిడ్లీ స్కాట్ నెపోలియన్ మీద తీసిన సినిమాలో ఫిరంగి గుండు పోయి ఈజిప్టు పిరమిడ్‌కి తగిలింది. చరిత్రకారులు నెత్తీ నోరూ బాదుకున్నారు. మన దగ్గర 2022లో అల్లూరినీ, కొమరం భీమునీ ఒకే తెరమీద స్నేహితుల్ని చేశారు. అయితే అది కల్పన అని తీసినవాళ్ళు ముందే చెప్పేశారు. చెప్పి చేసిన పనితో పేచీ తక్కువ. అసలు చిక్కంతా 'ఇది నిజంగా జరిగిన కథ' అన్నప్పుడే వస్తుంది.

మా కర్నూలు వైపు ఆ చిక్కు 2019 అక్టోబరు 2న వచ్చింది. ఆ రోజే 'సైరా నరసింహారెడ్డి' విడుదలైంది. విడుదలకు ముందు వీరుడి వంశీకులు కోర్టుదాకా వెళ్ళారు. అప్పుడు ఇది ఆయన జీవితచరిత్ర కాదన్నారు తీసినవాళ్ళు. జనం మాత్రం జీవితచరిత్రనే చూడడానికి వెళ్ళారు.

ఏ మాటకామాటే చెప్పుకోవాలి. ఆ సినిమా రాకముందు మా సీమ దాటితే ఉయ్యాలవాడ నరసింహారెడ్డి పేరు ఎందరికి తెలుసు? 1857 గురించి బడిలో చదివిన పిల్లలకు, దానికి పదేళ్ళ ముందే కోయిలకుంట్లలో ఒక మనిషిని ఉరితీశారని ఎవరు చెప్పారు? 2021లో ఓర్వకల్లు విమానాశ్రయానికి ఆయన పేరు పెట్టారు. తంగిరాల వెంకట సుబ్బారావుగారిలాంటి పండితులు ఆధారాలు ఏరి పుస్తకాలు రాస్తే చదివినవాళ్ళు వేలల్లో ఉంటారేమో. సినిమా చూసినవాళ్ళు లక్షల్లో ఉన్నారు. ఆ మేలును కాదనకూడదు.

కల్పించారని కోపగించుకోవడం కూడా నాకు సరిగా తోచదు. ఆ సినిమా పేరే పాటగాళ్ళ నోటినుంచి వచ్చింది. పల్లెల్లో ఆయన కథ పాడినవాళ్ళు మాత్రం కలెక్టరు కచేరీ కాగితాలు ముందు పెట్టుకుని పాడారా? గుర్రానికి రెక్కలు తొడగడం కథ చెప్పేవాడి హక్కు. అందుకే నాట్యగత్తె లక్ష్మి వచ్చినా, తమిళదేశం నుంచి రాజా పాండి దిగినా, 1857లో ఝాన్సీరాణి తన సైనికులకు ఈ కథ చెబుతున్నా నేను నొచ్చుకోలేదు.

నాకు వెలితి అనిపించింది మరోచోట. లెక్కల దగ్గర!

నవ్వకండి. ఈ కథకు ప్రాణం లెక్కల్లోనే ఉంది. 1800లో నిజాం మన సీమను కుంఫిణీకి ధారపోశాడు. కలెక్టరుగా వచ్చిన మన్రో పాలెగాళ్ళ అధికారం తీసేసి భరణాలు ఏర్పాటు చేశాడు. నరసింహారెడ్డి వంతుకు వచ్చింది నెలకు 11 రూపాయల 10 అణాల 8 పైసలు. మాతామహుడైన నొస్సం పాలెగాడు జయరామిరెడ్డికి మగసంతానం లేదని ఆయన భరణం కుంఫిణీ రద్దు చేసింది. ఉన్న పదకొండు రూపాయల కోసం మనిషిని పంపితే కోయిలకుంట్ల తహసీల్దారు అవమానించి పంపాడని చెప్పుకుంటారు.

ఇక రెండోది. ఊళ్ళకు కావలి కాసే కట్టుబడివాళ్ళకు తరతరాలుగా మాన్యం భూములుండేవి. పాలెగాళ్ళు పోయాక కుంఫిణీ ఆ మాన్యాలమీద కన్నేసింది. భూమి పోయినవాళ్ళు, పోతుందని భయపడ్డవాళ్ళు, బోయలు, ఇంకా ఎందరో రెడ్డి వెనక నడిచారు. 1846 జూలైలో కోయిలకుంట్ల ఖజానా మీద పడితే అందులో దొరికింది ఎంతనుకున్నారు? 805 రూపాయల చిల్లర.

తెరమీద ఈ అంకెలు ఆనవు. పదకొండు రూపాయల కోసం కత్తి దూసిన హీరో అంటే టిక్కెట్టు కొన్నవాడు ఊరుకుంటాడా? అందుకని దేశం, స్వాతంత్ర్యం, క్రూరుడైన తెల్లదొర, వేలమంది సైన్యం కావాలి. కానీ అంకెలతోపాటు మాన్యం పోయిన ఆ కట్టుబడి మనిషి కూడా తెరమీద చిన్నవాడైపోతాడే, అదీ నా బాధ. నాయకుడు ఆకాశమంత ఎదిగితే వెనకున్నవాళ్ళు గుంపుగా మిగులుతారు. 1846 అక్టోబరులో పేరుసోమల కొండమీద రెడ్డిని పట్టుకున్నాక కుంఫిణీ కేసు పెట్టింది 901 మంది మీద! అందులో ఒక్కొక్కరికీ ఒక ఇల్లు ఉండి ఉంటుంది కదా.

మా పక్కింటి పిల్లవాడు టీవీలో సినిమా చూసి, "పెద్దమ్మా, ఇంతకీ ఎందుకు తిరగబడ్డాడు?" అని అడిగాడు. భరణం సంగతి చెప్పాను. "పదకొండు రూపాయలకా!" అని వాడు మొహం వేలాడేశాడు. గడప దగ్గర చింతపండు ఈనెలు తీస్తున్న వాళ్ళ అవ్వ తలెత్తి, "లెక్క అంతేనా అనొద్దు నాయనా. మీ తాత పోయినంక పింఛను కోసం నేను తిరిగినా. ఇచ్చేటోడి చూపు ఎట్లుంటాదో చెయ్యి చాపినోళ్ళకే తెలుస్తాది" అంది.

దాదాపు మూడు గంటల సినిమా చెప్పలేనిది ఆమె ఒక్క మాటలో చెప్పేసింది. పెద్ద పెద్ద తిరుగుబాట్లు చాలావరకు ఇలాంటి చిన్న లెక్కల దగ్గరే మొదలవుతాయి. ఆ చిన్నతనాన్ని దాచేస్తే వీరుడు దేవుడవుతాడేమో గానీ, మనలాంటి మనిషి కాకుండా పోతాడు. దేవుణ్ణి చూసి దణ్ణం పెడతాం. ధైర్యం నేర్చుకునేది మనిషిని చూసే!

1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలో, జుర్రేరు ఒడ్డున ఆయనను ఉరితీశారు. ఆయన తలను అక్కడి కోటలో 1877 దాకా వేలాడదీసే ఉంచారంటారు. ముప్పై ఏళ్ళు! అంతకాలం సంతకు పోయే ఆడవాళ్ళూ, ఆడుకునే పిల్లలూ దాన్ని చూస్తూ పెరిగి, పెళ్ళిళ్ళు చేసుకుని, ముసలివాళ్ళయ్యారు. భయపడాలని కుంఫిణీ పెట్టింది. జనం పాట కట్టుకున్నారు. ఏ ఫిరంగుల యుద్ధం ఈ ముప్పై ఏళ్ళ మౌనానికి సాటివస్తుంది? కల్పించాల్సిన పనేముంది ఇక్కడ?

తీసేవాళ్ళకు నా మనవి ఇంతే. పాటలు పెట్టుకోండి, గుర్రాలు దూకించండి, లేని పాత్రల్ని తెచ్చుకోండి. కానీ ఆ మనిషి ఎందుకు లేచాడో ఆ కారణాన్ని మాత్రం మార్చకండి. నగలు ఎన్నయినా పెట్టొచ్చు, ముఖం మార్చకూడదు.

అన్నట్టు, తంగిరాలవారు తమ పుస్తకానికి 'రేనాటి సూర్యచంద్రులు' అని పేరు పెట్టారు. సూర్యుడు నరసింహారెడ్డి. చంద్రుడు అదే ఉయ్యాలవాడకు చెందిన బుడ్డా వెంగళరెడ్డి. 1866 కరువులో వేలమందికి అన్నం పెట్టిన దాత ఆయన. సూర్యుడి మీద అంత ఖర్చుపెట్టి సినిమా తీశారు. చంద్రుడి కథలో కత్తి లేదు, గుర్రం లేదు, ఉన్నదల్లా గంజి గంగాళాలు. ఆకలి తెలిసిన ఈ సీమలో ఆ కథకు చప్పట్లు పడవని ఎవరన్నారు?