వాహకాన్ని విడిచిన మాట: సమతుల్య మాడ్యులేటర్ చరిత్ర – ఒక పరిశీలన

ఉపోద్ఘాతం

1930 జనవరిలో సర్ ఆంబ్రోస్ ఫ్లెమింగ్ ‘నేచర్’ పత్రికలో ఒక అభ్యంతరం లేవదీశారు. రేడియో ప్రసారంలో వాహక తరంగానికి ఇరువైపులా పార్శ్వ పట్టీలు ఉంటాయనడం గణిత కల్పనే తప్ప భౌతిక సత్యం కాదన్నది ఆయన వాదన. 1904లో తొలి రేడియో వాల్వును రూపొందించిన శాస్త్రవేత్త మాట కనుక దానిని తేలికగా కొట్టిపారేయలేము. అయితే అప్పటికే మూడేళ్లుగా న్యూయార్క్, లండన్ నగరాల మధ్య టెలిఫోన్ సంభాషణలు ఒకే ఒక్క పార్శ్వ పట్టీ మీద సాగుతున్నాయి. దీనిని సాధ్యం చేసిన సమతుల్య మాడ్యులేటర్ ఎట్లా పుట్టింది, ఇంజనీర్లు ఒక వలయాన్ని కాదని మరొక దానిని ఎందుకు ఎంచుకున్నారు అన్నవి ఈ వ్యాసంలో పరిశీలనాంశాలు.

కార్సన్ వలయం

1915లో అమెరికన్ టెలిఫోన్ అండ్ టెలిగ్రాఫ్ సంస్థ ఇంజనీర్లు వర్జీనియాలోని ఆర్లింగ్టన్ నౌకాదళ కేంద్రం నుంచి పంపిన మాట పారిస్‌లోని ఈఫిల్ టవర్ వద్ద వినిపించింది. దానికి వందల వాల్వులు కావలసివచ్చాయి. అంత శక్తి ఎటు పోతున్నది? ఒకే స్వరంతో వాహక కంపన పరిమితిని నూరు శాతం మార్చినప్పుడు కూడా ప్రసార శక్తిలో మూడింట రెండు వంతులు వాహకంలోనే ఉండిపోతాయి. ఒక్కొక్క పార్శ్వ పట్టీకి దక్కేది ఆరో వంతు. పట్టీలు రెండూ మోసేది ఒకే మాటను. వాహకం మోసేది ఏమీ లేదు. పారిభాషిక పదమే విషయాన్ని మరుగుపరచిన సందర్భాలలో ఇదొకటి.

అదే సంస్థకు చెందిన జాన్ రెన్‌షా కార్సన్ 1915 డిసెంబరు 1న పేటెంటుకు దరఖాస్తు చేశారు. అది 1923 మార్చి 27న మంజూరైంది. ఆయన పద్ధతిలో ఒకే రకం ట్రయోడ్‌లు రెండు ఉంటాయి. వాహకం రెండు గ్రిడ్‌లకూ ఒకే దశలో, మాట వ్యతిరేక దశలలో చేరుతుంది. ఫలిత ట్రాన్స్‌ఫార్మర్‌లో రెండు వాల్వుల వాహక ప్రవాహాలు పరస్పరం రద్దవుతాయి. పార్శ్వ పట్టీలు కలిసి బలపడతాయి. ‘సమతుల్యం’ అనే మాటలోని తుల, అంటే త్రాసు, ఇక్కడ అలంకారం కాదు. రెండు పళ్లేలూ సరితూగితేనే వాహకం మాయమవుతుంది. ఆపైన ఫిల్టర్ ఒక పట్టీని తొలగిస్తుంది.

1927 జనవరి 7న ప్రారంభమైన అట్లాంటిక్ రేడియో టెలిఫోన్ సేవ సుమారు 60 కిలోహెర్ట్జ్ వద్ద ఈ పద్ధతిలోనే నడిచింది. తొలి మూడు నిమిషాలకు 75 డాలర్లు! ఇందుకు చెల్లించిన సాంకేతిక మూల్యం మరొకటి ఉంది: వదిలివేసిన వాహకాన్ని గ్రాహకంలో తిరిగి పుట్టించాలి, దాని పౌనఃపున్యం తప్పితే మాట వికృతమవుతుంది.

ఫ్లెమింగ్ వర్ణన తప్పు కాదనే నా అభిప్రాయం. మారుతున్న కంపన పరిమితి గల ఒకే తరంగమన్నా, స్థిరమైన మూడు తరంగాల మొత్తమన్నా గణితంలో ఒకటే. కానీ మూడింటిలో రెండింటిని తీసివేసినా మాట సముద్రం దాటింది. కేవలం కల్పన అయినదానికి అది సాధ్యం కాదు.

ఎంపికలోని మెలకువ

కార్సన్ వలయం రద్దు చేసేది వాహకాన్ని మాత్రమే. మూల స్వర సంకేతం ఫలితంలోకి జారుతుంది. 60 కిలోహెర్ట్జ్‌కు అది చాలా దూరం కనుక రేడియోలో ఫిల్టర్ దానిని సులభంగా ఆపుతుంది. ఒకే తీగ మీద అనేక సంభాషణలు పంపే వాహక టెలిఫోనీలో తొలి వాహకాలు స్వర పౌనఃపున్యాలకు దగ్గరగా ఉండేవి. అక్కడ ఈ జారుడు ఇబ్బందే. పైగా వాల్వులు రెండూ ఒకే తీరున ముసలివి కావు. పొందిక చెడిన కొద్దీ వాహకం మళ్లీ తొంగిచూస్తుంది.

1935లో ఫ్రాంక్ కోవన్ పేరిట మంజూరైన పేటెంటులోని వలయం దీనికి జవాబు. ఉంగరంలా కలిపిన నాలుగు ఏకధిక్కారుల గుండా, వాహకపు ప్రతి అర్ధావృత్తికీ మాట దిశ తారుమారవుతుంది. వాహకం, మాట రెండూ రద్దై పార్శ్వ పట్టీలు మిగులుతాయి. రాగి ఆక్సైడ్ ఏకధిక్కారులకు తంతువును వేడిచేసే విద్యుత్తు అక్కరలేదు. ప్రతిగా, వాల్వులా ఇవి సంకేతాన్ని పెంచవు, నష్టపరుస్తాయి. బలమైన వాహకాన్ని కూడా కోరతాయి.

1968లో బారీ గిల్బర్ట్ ప్రచురించిన గుణక వలయం జంట పొందిక సమస్యను వేరొక విధంగా ఎదుర్కొంది. ఒకే సిలికాన్ ముక్క మీద, ఒకే ఉష్ణోగ్రత వద్ద ఉండే ట్రాన్సిస్టర్లు సహజంగానే పోలికతో ఉంటాయి. అయినా ఆ కుటుంబానికి చెందిన మోటరోలా ఎంసీ1496 చిప్‌తో సమతుల్య మాడ్యులేటర్ నిర్మించేటప్పుడు, మిగిలిన వాహకాన్ని చేతితో తిప్పి సరిచేసే ఒక చిన్న చర నిరోధాన్ని పక్కన అమర్చడం పరిపాటి.