ఉత్తరమేరూరి చెరువు లెక్క

గ్రామపెద్దలారా! కాంచీపురమునకు చేరువనున్న ఉత్తరమేరూరి వైకుంఠ పెరుమాళ్ కోవెల గోడలపై మొదటి పరాంతకచోళుని నాటి 919, 921 సంవత్సరముల శాసనములు కలవు. ఆ యూరు 30 వాడలు. అర్హుల పేర్లు తాటాకులపై వ్రాసి కుండలో వేసి, ఏమియు నెఱుగని బాలునిచేత తీయించెడివారు. చెరువును చూచు ‘ఏరి వారియము’నకు ఆరుగురు, పదవి 360 దినములు. మునుపు పనిచేసి లెక్క యొప్పగింపనివాడే కాదు, వాని దగ్గఱి చుట్టములును అనర్హులు! ఈ నిబంధనయే నాకు మిక్కిలి నచ్చినది. పూడిక తీయుటకు వచ్చిన సొమ్మునకు లెక్క లేకున్న గట్టు నిలుచునా?

అయితే అది బ్రాహ్మణసభ. భూమియు వేదజ్ఞానమును గలవారికే యందు చోటు. నియమములు చేయునాడు రాజోద్యోగియు కూర్చుండెను. కావున దానిని సంపూర్ణ గ్రామస్వరాజ్యమనుట అతిశయోక్తి. 1992 నాటి 73వ రాజ్యాంగ సవరణ స్త్రీలకును షెడ్యూల్డు కులములకును స్థానములు కేటాయించినది. చిన్న నీటిపారుదలను పంచాయతీల 29 విషయములలో చేర్చినది. ఆ యధికారము నిచ్చుట మాత్రము రాష్ట్ర శాసనసభల చేతిలోనే యున్నది.