మోగని పడవ

మా ఊళ్లో కుండ కొనేవాళ్లు ముందు దాని మీద వేలి కణుపుతో కొట్టి చూస్తారు. ఖంగుమంటే మంచిది. బొదబొదమంటే ఎక్కడో నెర్రె ఉన్నట్టే. ఆ విద్యను అంటారియో సరస్సు ఒడ్డున, మార్చి నెల చలిలో, ఇరవై ఏడడుగుల తెరచాప పడవ మీద చూస్తానని ఏనాడూ అనుకోలేదు.

పడవ పేరు సీ అండ్ సీ 27. మిస్సిసాగాలో ఉంటున్న మా బావ దాన్ని కొందామనుకున్నాడు. నీళ్లలోంచి తీసి, ఇనుప ఊతాల మీద నిలబెట్టారు. పాత పడవల్ని పరీక్షించే సర్వేయరు చిన్న ప్లాస్టిక్ సుత్తితో డెక్కు మీద జానెడు జానెడు కొట్టుకుంటూ వెళ్తున్నాడు. టక్, టక్, టక్. తెరచాప కొయ్య మొదటికి వచ్చేసరికి చప్పుడు మారింది. తడిసిన అట్టపెట్టె మీద కొట్టినట్టుంది. కాస్త పక్కకు జరిగి కొట్టాడు. అదే చప్పుడు. జేబులోంచి సుద్దముక్క తీసి గీత గీశాడు. గంట తిరిగేసరికి ఆ గీత కొయ్యను చుట్టేసి కిటికీల దాకా పాకింది.

"లోపల కట్టె కుళ్లిపోయిందిరా," అన్నాడు బావ మెల్లిగా.

ఆ కట్టె బాల్సా. పూచికపుల్లలా తేలిక. దాన్ని అడ్డకోత కోసి, పోగులు నిలువుగా ఉండేలా పేర్చి, పైనా కిందా ఫైబర్‌గ్లాస్ పొరలు అతికిస్తారు. బరువు పెరగకుండా బిగువు వస్తుంది. బిగించిన ప్రతి బోల్టు చుట్టూ పూసిన లప్పం ఆరి బీటలిచ్చిన నాడు మాత్రం నీటిచుక్క లోపలికి దిగుతుంది. కెనడా చలికి గడ్డకట్టి ఉబ్బుతుంది, పొరల్ని విడదీస్తుంది. వసంతంలో కరిగి ఇంకాస్త లోపలికి పోతుంది. పైన తెల్లటి రంగు ఎప్పటిలాగే మెరుస్తుంటుంది. ఒక్క బోల్టును సకాలంలో విప్పి, మళ్లీ లప్పం పూసి బిగించి ఉంటే చాలు, ఆ పడవ ఇంకో తరాన్ని మోసేది. నన్ను ఇప్పటికీ బాధపెట్టేది అదే.

ఆ బాల్సా ఒకప్పుడు కెనడాకు తెచ్చిన గౌరవం తక్కువది కాదు. జార్జ్ కత్బర్ట్‌సన్, జార్జ్ క్యాసియన్ అని ఇద్దరు పడవల రూపశిల్పులు. వాళ్ల ఇంటిపేర్ల మొదటి అక్షరాలే ఆ రెండు 'సీ'లు. 1966లో వాళ్లు గీసిన నలభై అడుగుల 'రెడ్ జాకెట్'ను ఎరిక్ బ్రక్‌మన్ తన కార్ఖానాలో కట్టాడు. డెక్కు ఒక్కటే కాదు, పొట్ట మొత్తం బాల్సా నింపి కట్టారు. రెండేళ్లకు, 1968లో, ఆ పడవ ఫ్లోరిడా తీరంలో అమెరికన్లు తమ సొంతమనుకునే సదరన్ ఓషన్ రేసింగ్ పోటీల్లో విజేతగా నిలిచింది. బయటి దేశం పడవ అక్కడ గెలవడం అదే మొదలు. మరుసటి ఏడు వాళ్ల మరో పడవ 'మానిటూ' పందెంలో గెలిచి కెనడాస్ కప్పును టొరంటోకు తెచ్చింది.

ఆ 1969లోనే రూపశిల్పులూ మూడు పడవల కార్ఖానాలూ కలిసి సీ అండ్ సీ యాట్స్ అయ్యాయి. ఓక్‌విల్‌లో బ్రక్‌మన్ కార్ఖానా, నయాగరా-ఆన్-ది-లేక్‌లో జార్జ్ హింటర్‌హోలర్ కార్ఖానా, బెల్‌విల్‌లో ఇంకొకటి. హింటర్‌హోలర్ ఆస్ట్రియా నుంచి వలసవచ్చిన పడవ వడ్రంగి. వీళ్ల ఊహ ఎంత చక్కనిది! శనివారం పందెంలో గెలవాలి, ఆదివారం అదే పడవలో పిల్లలు పడుకోవాలి, పొయ్యి మీద కాఫీ కాగాలి. రేసర్-క్రూజర్ అంటే అదే. ధనవంతుడి ఆటను ఉద్యోగస్తుడి సంసారంలోకి తెచ్చిన పడవ. అంచు పొడవునా రంధ్రాల అల్యూమినియం పట్టీ చూస్తే చాలు, ఇది వాళ్లదేనని సరస్సు మీద దూరం నుంచే గుర్తుపట్టేవారట.

పతనం ఒక్కరోజులో రాలేదు. డెబ్బైల నడుమ హింటర్‌హోలర్ విడిపోయి మళ్లీ సొంత కార్ఖానా పెట్టుకున్నాడు. పందేల నియమాలకు తగ్గట్టు పందెం పడవలు బోలుగా, పెళుసుగా మారాయి. వాటిలో పిల్లలు పడుకునే చోటు లేదు. ఒక్క పడవతో రెండు కోరికలూ తీర్చుకునే రోజులు సన్నగిల్లాయి. ఎనభైల మొదట్లో కంపెనీ ఇతరుల చేతుల్లోకి వెళ్లింది, కత్బర్ట్‌సన్ తన పేరున్న గడప దాటి బయటికి నడిచాడు. క్యాసియన్ అప్పటికే కన్నుమూశాడు.

వీటన్నిటికన్నా లోతైన కారణం ఇంకొకటుందని నా నమ్మకం. కొయ్య పడవ కాలం తీరితే పోతుంది, కొత్తది కట్టించుకుంటారు. ఫైబర్‌గ్లాస్ పొట్ట పోదు. వాళ్లు కట్టి అమ్మిన ప్రతి మంచి పడవా పదేళ్ల తర్వాత సగం ధరకు తిరిగొచ్చి, కొత్త పడవ పక్కనే రేవులో నిలబడింది. మా బావలాంటి మనిషి ఏది కొంటాడు? తమ పనితనమే వాళ్ల అంగడికి అడ్డం నిలిచింది. దానికి తోడు 1991లో అమెరికా లక్ష డాలర్లు దాటిన పడవల మీద విలాసపు పన్ను వేసింది. లక్షకు పైబడిన ప్రతి డాలరు మీదా పది శాతం. 1993లో ఎత్తేశారు గానీ ఆలోపే ఎన్నో కార్ఖానాల ఉసురు పోయింది. 1994లో నయాగరా-ఆన్-ది-లేక్ కార్ఖానాలో మంటలు లేచాయి. కొంతకాలానికి ఆ పేరు ఒహాయోలోని మరో పడవల కంపెనీకి చేరింది. కత్బర్ట్‌సన్ 2017 దాకా బతికాడు. ముసలితనంలో ఏ రేవుకు వెళ్లినా తాను గీసిన గీతలు కళ్లెదుట తేలుతూనే ఉండి ఉంటాయి.

సర్వేయరు కిందికి దిగి పొట్ట అడుగు చూపించాడు. పొట్ట కింద బోల్టులతో బిగించే సీసపు దిమ్మ, కీల్, అతికిన చోట, ముందువైపు, సన్నటి పగులు. పడవలవాళ్లు దాన్ని 'నవ్వు' అంటారట. అది మామూలేనని, బోల్టులు బిగించి పూడ్చుకోవచ్చని చెప్పాడు. డెక్కు మాటే ఎత్తలేదు. ఎత్తనక్కర్లేదు. డెక్కు కోసి, కుళ్లు తీసి, కొత్త బాల్సా పరిచి మూయడానికి అయ్యే కూలి పడవ ధరకు రెండింతలు.

బావ వెంటనే కదల్లేదు. నిచ్చెనెక్కి లోపలికి పోయి, ముందు గదిలో ముక్కోణపు పరుపు మీద కాసేపు కూర్చున్నాడు. చెక్క గోడ మీద ఎవరో పిల్లల ఎత్తు పెన్సిల్‌తో గుర్తుపెట్టారు. మూడు గీతలు, పక్కన మూడు సంవత్సరాలు. చివరిది 1983.

"ఎవరో బాగా చూసుకున్నార్రా దీన్ని, కొన్నాళ్లు," అన్నాడు బయటికొస్తూ.

జూన్‌లో అటుగా వెళ్లాం. ఆ చోట ఇనుప ఊతాలు నాలుగూ ఒకదానికొకటి ఆనించి ఉన్నాయి. అద్దె కట్టేవాళ్లు లేక, పడవను పొక్లెయిన్‌తో విరగ్గొట్టి చెత్త లారీకెక్కించారట. అల్యూమినియం పట్టీ మెలితిరిగి కంచె పక్కన పడి ఉంది. పక్కనే చెక్కబల్ల మీద సీసపు కీల్, ఇంకా బోల్టులు పైకి నిక్కి ఉండగా. తూకానికి ఎవరో బేరం కుదుర్చుకున్నారని యార్డు కుర్రాడు చెప్పాడు. బావ వంగి ఆ సీసం మీద వేలి కణుపుతో ఒకసారి కొట్టి, చేయి అలాగే ఉంచాడు.