సుధాకర్, కన్యబోయిన

హైదరాబాదు నగరమునకు చెందిన వాహన నిర్మాత. నిత్యజీవితమున మనకు పరిచితములైన బంతి, పాదరక్ష, వంకాయ, కలము, చేతిసంచి మొదలగు వస్తువుల ఆకారములకే ఇంజనును చక్రములను కూర్చి, వీథిలో నడువగల బండ్లుగా రూపొందించి, 2005లో అతి పెద్ద ముచ్చక్రపు సైకిలు నిర్మాతగా గిన్నిస్ ప్రపంచ రికార్డుల గ్రంథమున స్థానము పొందెను. బహదూర్‌పురా ప్రాంతమున, నెహ్రూ జంతు ప్రదర్శనశాలకు సమీపమున గల సుధా కార్ల ప్రదర్శనశాల ఈయన స్థాపించినదే.

రికార్డు వాహన విద్య

రికార్డు కొరకు వాహనమును నిర్మించు విద్య సామాన్యమైన మోటారు పరిశ్రమకంటె వేరయినది. పరిశ్రమలో వేల బండ్లకు ఒకే నమూనా చాలును. రికార్డు వాహనమునకు పూర్వ నమూనా యనునది ఉండదు, ఒక్క లక్ష్యమునకై ఒక్క బండి మాత్రమే పుట్టును. ఇంగ్లండునందు రీడ్ రైల్టన్ అను ఇంజనీరు, చోదకుడైన జాన్ కాబ్ కొరకు రచించిన కారులో రెండు నేపియర్ లయన్ విమాన ఇంజనులను ఇమిడ్చి, చోదకుని ముందు కొసకు జరిపి, గాలి నిరాటంకముగా జారిపోవునట్టి నునుపైన కవచమును దానిపై కప్పెను. ఆ కారు 1947 సెప్టెంబరు 16న అమెరికాలోని బాన్‌విల్ ఉప్పు మైదానమున గంటకు 634 కిలోమీటర్ల సగటు వేగమును అందుకొనెను. అచట ఆకారమును నిర్ణయించినది గాలి. సుధాకర్ బండ్లయందు దానిని నిర్ణయించునది ముందుగా ఎన్నుకొనబడిన వస్తువు. లక్ష్యములు వేరైనను ఇరువురి యెదుట నిలిచిన ప్రశ్న యొక్కటే: మార్చుటకు వీలులేని ఆకారములో యంత్రమును, చక్రములను, మనుష్యుని ఎట్లు ఇముడ్చవలెను?

ఆరంభము, నిర్మాణ పద్ధతి

పాఠశాలలో చదువుకొను దినములయందే తుక్కు సామాను నుండి ఏరి తెచ్చిన విడిభాగములతో బండ్లు కట్టుట సుధాకర్‌కు వినోదమయ్యెను. ఆ వినోదమే క్రమముగా జీవితకార్యముగా పరిణమించెను. పాత వాహనముల ఇంజనులును చక్రములును కొత్త చట్రముపై కొత్త రూపమున మరల ప్రాణము పోసికొనుట ఈ పనితనము యొక్క ప్రధాన లక్షణము.

వినుటకు సులభముగా తోచు ఈ పనిలోని కష్టము క్రికెట్ బంతి వంటి గుండ్రని బండిని పరిశీలించినచో తెలియగలదు. బంతికి ముందు వెనుకలు లేవు; చోదకునకు దారి కనబడుటకై ఎచట సందు విడిచినను గుండ్రదనము చెడును; చక్రములు పైకి కనబడిన బంతి బంతిగా నుండదు, లోపల దాగినచో అవి మలుపు తిరుగుటకు చోటు చాలదు; ఇంజను వేడిమి వెలుపలికి పోవుటకు మార్గము కావలెను. మడమ ఎత్తైన స్త్రీల పాదరక్షయందు బరువు వెనుకకు ఒరగకుండ నిలుపుట మరియొక సమస్య. చూపునకు వస్తువుగను, నడకకు వాహనముగను ఏకకాలమున ఉండవలెనను నియమమును విడువక సాధించుటయే ఈయన నేర్పు.

ప్రపంచ రికార్డు

2005 జూలై 1న సుధాకర్ తాను నిర్మించిన ముచ్చక్రపు సైకిలును హైదరాబాదులో స్వయముగా ఎక్కి నడిపెను. దాని ఎత్తు 41 అడుగుల 7 అంగుళములు, పొడవు 37 అడుగుల 4 అంగుళములు, చక్రము యొక్క వ్యాసము 17 అడుగులు. ఈ కొలతల ఘనతను గ్రహించుటకు చిన్న లెక్క చాలును. పదునేడడుగుల వ్యాసము గల చక్రము ఒక్కసారి తిరిగిన బండి సుమారు 53 అడుగులు ముందునకు సాగును. తొక్కుడు కడ్డీలను నేరుగా ఇరుసునకే బిగించినచో ఒక్క చుట్టునకు అంత దూరము బండిని నెట్టు బలము మనుష్యుని కాళ్లకు ఉండదు. కావున ఇట్టి సైకిలు వినోదవస్తువైనను, శక్తిని ఒక చోటినుండి మరియొక చోటికి తగిన నిష్పత్తిలో అందించు యాంత్రిక సూత్రమునకు గట్టి పరీక్షయే యగును.

ప్రదర్శనశాల, సామాజిక ప్రయోజనము

ఇట్లు సమకూరిన బండ్లకు 2010లో ప్రదర్శనశాల ఏర్పడెను. మంచము, సోఫా, కంప్యూటరు, కెమెరా, శిరస్త్రాణము, కప్పుసాసరు మొదలగు రూపములతో పాటు చిన్న రెండంతస్తుల బస్సును అచట చూడవచ్చును. ఇవి అద్దముల వెనుక నిలిపిన బొమ్మలు కావు, నడువగల వాహనములు.

పర్వదినములను, ప్రజాహితమును పురస్కరించుకొని కొత్త బండిని వెలువరించుట సుధాకర్ అలవాటు. మహిళా దినోత్సవమునకు పాదరక్ష, చేతిసంచి, బాలల దినోత్సవమునకు కలము, పెన్సిలు వంటి రూపములు వచ్చినవి. 2020 ఏప్రిల్‌లో, కరోనా వ్యాధి వలన దేశమంతయు ఇండ్లలో బందీయై యున్న కాలమున, ఆ సూక్ష్మజీవి రూపమునే కారుగా మలచెను: ఒక్కరు మాత్రమే కూర్చుండగల గుండ్రని ఫైబరు దేహము, దానిపై ముండ్లవంటి కొమ్ములు, క్రింద ఆరు చక్రములు, లోపల 100 సీసీ ఇంజను, గంటకు 40 కిలోమీటర్ల వేగము. కంటికి కనబడని శత్రువును వీథిలో కన్నులకు కట్టించి, జనులను ఇండ్లకడనే నిలుపుట దాని ఉద్దేశము.

ప్రాముఖ్యము

2023 ఫిబ్రవరి 11న హుస్సేన్‌సాగర తీరమున ఫార్ములా ఈ విద్యుత్ కార్ల పందెము జరిగి, ఫ్రాన్సు దేశీయుడైన జాన్ ఎరిక్ వెర్న్ విజేత యగుటతో హైదరాబాదు ప్రపంచ మోటారు క్రీడాపటమున చేరెను. వాహన నిర్మాణమునకు మూలమైన ఇంజనీరింగు విద్యకును ఈ నగర పరిసరములు నెలవైనవి: నగరమునకు ఉత్తరమున మేడ్చల్, శామీర్‌పేట ప్రాంతములు నేడు ఆ విద్యకు ఆలవాలములు. 2008లో వెలసిన బిట్స్ పిలానీ ప్రాంగణము శామీర్‌పేట చెంతను, మరి పెక్కు కళాశాలలు మేడ్చల్ రహదారి పొడవునను ఉన్నవి. స్వహస్తములతో ఒంటి ఆసనపు బండ్లు కట్టి పోటీకి దిగవలసిన బాహా వంటి జాతీయ పోటీలకు ఇంజనీరింగు విద్యార్థులు సిద్ధపడు ఈ కాలమున, బహదూర్‌పురా ప్రదర్శనశాల వారికి ఉత్తమమైన పాఠ్యస్థలము. గణితము, లోహశాస్త్రము తరగతిగదిలో లభించును. తలచిన రూపమును ఉన్న సామానుతోనే నడిపించి చూపు పట్టుదల మాత్రము చేతిపని వలననే అలవడును. సుధాకర్ జీవితకృషి ఆ సత్యమునకు తెలుగునాట లభించు ప్రత్యక్ష ప్రమాణము.