కోల్‌కతా ఫుట్‌బాల్: క్లబ్బుల యాజమాన్యం, అభిమానుల వైరం

కోల్‌కతా నగరంలో మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్ క్లబ్బుల మధ్య వందేళ్లుగా సాగుతున్న పోటీ, ఆ క్లబ్బుల ఫుట్‌బాల్ జట్లు సభ్యుల సంఘాల నుంచి కంపెనీల చేతికి వెళ్లిన క్రమం ఈ వ్యాసంలోని విషయం. వైరం గురించి రాసేవారు యాజమాన్యాన్ని, యాజమాన్యం గురించి రాసేవారు వైరాన్ని వదిలేయడం మామూలు. నిజానికి ఇవి ఒకదాన్నొకటి నడిపించాయి. వైరం ఉంది కాబట్టే పెట్టుబడిదారులు వచ్చారు. అవతలి క్లబ్బుకు పెట్టుబడి దొరికింది కాబట్టే ఇవతలి క్లబ్బు ఆగలేకపోయింది.

పుట్టుక

మోహన్ బగాన్ 1889 ఆగస్టు 15న ఉత్తర కలకత్తాలో పుట్టింది. తర్వాతి కాలంలో కాంగ్రెస్ అధ్యక్షుడైన భూపేంద్రనాథ్ బసు దీనికి తొలి అధ్యక్షుడు. అప్పట్లో క్లబ్బుకు యజమాని అనేవాడు లేడు. సభ్యులు చందాలు కట్టేవారు, పెద్దింటివాళ్లు లోటు పూడ్చేవారు, ఆటగాళ్లు ఉద్యోగాలు చేసుకుంటూ సాయంత్రం ఆడేవారు. 1911 జూలై 29న ఐఎఫ్ఏ షీల్డ్ ఫైనల్లో ఈ జట్టు ఈస్ట్ యార్క్‌షైర్ రెజిమెంటును 2-1 తేడాతో ఓడించింది. ఒక్కరు తప్ప మిగిలిన ఆటగాళ్లంతా బూట్లు లేకుండానే ఆడారు. బ్రిటిష్ సైనిక జట్టుపై గెలుపు కావడంతో దానికి ఆటను మించిన అర్థం వచ్చింది. మోహన్ బగాన్ పేరుకు నేటికీ ఉన్న విలువలో పెద్ద భాగం ఆ ఒక్క సాయంత్రం సంపాదించిపెట్టిందే.

ఈస్ట్ బెంగాల్ పుట్టుక ఒక అలకతో మొదలైంది. 1920 జూలైలో మోహన్ బగాన్‌తో ఆటకు జోడాబగాన్ క్లబ్బు తన జట్టులోంచి శైలేశ్ బోస్ అనే ఆటగాణ్ణి తప్పించింది. ఆ క్లబ్బు ఉపాధ్యక్షుడు సురేశ్ చంద్ర చౌధురి ఎంత చెప్పినా క్లబ్బు వినలేదు. తూర్పు బెంగాల్ వాళ్లమనే మమ్మల్ని చిన్నచూపు చూస్తున్నారన్న కోపంతో ఆయన బయటికి వచ్చి, ఆగస్టు 1న కొత్త క్లబ్బు పెట్టారు. సంతోష్ సంస్థానపు రాజా మన్మథనాథ్ రాయ్ చౌధురి ఆయనకు తోడు నిలిచారు. సంతోష్ ట్రోఫీకి ఆ పేరు వచ్చింది ఈ సంస్థానం నుంచే.

కలకత్తా లీగు మొదటి డివిజన్లో అప్పట్లో రెండు భారతీయ జట్లకే చోటుండేది. ఈస్ట్ బెంగాల్ అర్హత సాధించినప్పుడు ఆ నియమం సడలించడానికి బ్రిటిష్ క్లబ్బులు ఒప్పుకున్నాయనీ, అడ్డుచెప్పింది అప్పటికే లోపలున్న రెండు భారతీయ క్లబ్బులైన మోహన్ బగాన్, ఆర్యన్‌లనీ చెబుతారు. చివరికి చోటు దొరికింది. 1925 మే 28న లీగులో ఇరుజట్లూ తొలిసారి తలపడ్డాయి. నేపాల్ చక్రవర్తి కొట్టిన ఒకే గోలుతో ఈస్ట్ బెంగాల్ గెలిచింది.

వైరం ముదిరిన తీరు

దేశ విభజన ఈ పోటీని ఇంటింటి వ్యవహారం చేసింది. 1947 తర్వాత లక్షల మంది తూర్పు బెంగాల్ నుంచి కాందిశీకులుగా వచ్చి నగర శివార్లలో కాలనీలు కట్టుకున్నారు. ఊరు పోయింది, భూమి పోయింది. పాత ఊరి పేరు పెట్టుకున్న క్లబ్బు మాత్రం కోల్‌కతా మైదాన్‌లో ఉంది. అలా ఈస్ట్ బెంగాల్ ‘బాంగాల్’లదీ, మోహన్ బగాన్ పశ్చిమ బెంగాల్‌కు చెందిన ‘ఘొటీ’లదీ అయ్యాయి. ఈస్ట్ బెంగాల్ గెలిస్తే ఇలస చేప, మోహన్ బగాన్ గెలిస్తే రొయ్యలు వండుకోవడం ఆనవాయితీ. ఆ ఇలసే గోదావరికి ఎదురీదితే మనవాళ్లు పులస అంటారు. ఈ వంటల ముచ్చట ప్రతి వ్యాసంలోనూ కనిపిస్తుంది గానీ, దాని వెనకున్న కాలనీల బతుకు అంతగా కనిపించదు.

ఆటగాళ్లు మాత్రం రెండు జట్లకూ ఎక్కడెక్కడి నుంచో వచ్చేవారు. విభజన కాలంలో ఈస్ట్ బెంగాల్ దాడి వరసకు ‘పంచపాండవులు’ అని పేరు. అందులో అప్పారావు, వెంకటేశ్, ధనరాజ్, అహ్మద్ ఖాన్, సాలే ఉండేవారు. తూర్పు బెంగాల్ గుండెకోతకు గొంతైన జట్టుకు గోల్స్ కొట్టిపెట్టింది ఇలా దక్షిణాది కుర్రాళ్లే. అదే కాలంలో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 డ్యురాండ్ కప్పు ఫైనల్లో మోహన్ బగాన్‌నే ఓడించింది. సయ్యద్ అబ్దుల్ రహీం శిక్షణలో 1950 నుంచి వరసగా అయిదేళ్లు రోవర్స్ కప్పు గెలిచింది. ఆ జట్టు ప్రభుత్వ శాఖది. లాభనష్టాల ప్రశ్నే లేదు. అయితే అది మాదేనని చెప్పుకుని తరతరాలు వెంట నడిచే సభ్యులు కూడా లేరు. కోల్‌కతా క్లబ్బుల ప్రత్యేకత అక్కడే ఉంది.

వైరానికి చీకటి ముఖమూ ఉంది. 1975 ఐఎఫ్ఏ షీల్డ్ ఫైనల్లో ఈస్ట్ బెంగాల్ 5-0తో గెలిచిన తర్వాత ఒక మోహన్ బగాన్ అభిమాని ఆత్మహత్య చేసుకున్నాడు. 1980 ఆగస్టు 16న ఈడెన్ గార్డెన్స్‌లో ఈ జట్ల ఆట సాగుతుండగా గ్యాలరీలో ఘర్షణ చెలరేగి, తొక్కిసలాటలో 16 మంది చనిపోయారు. బెంగాల్‌లో నేటికీ ఆ తేదీని ఫుట్‌బాల్ ప్రేమికుల దినంగా పాటిస్తారు. ఇక జనం ఎంతగా వచ్చేవారో చెప్పడానికి 1997 జూలై 13 చాలు. ఫెడరేషన్ కప్పు సెమీఫైనల్ చూడటానికి సాల్ట్ లేక్ స్టేడియానికి 1,31,000కు పైగా వచ్చారు. బైచుంగ్ భూటియా మూడు గోల్స్‌తో ఈస్ట్ బెంగాల్ 4-1తో గెలిచింది.

యజమాని లేని క్లబ్బు

చట్టరీత్యా ఈ క్లబ్బులు సంఘాలు. సభ్యులు ఓటేసి కార్యవర్గాన్ని ఎన్నుకుంటారు. వాటాలు లేవు, డివిడెండ్లు లేవు. మైదాన్ భూమి కూడా సైన్యానిదే. క్లబ్బు గుడారాలూ ఆటస్థలాలూ అక్కడ అనుమతి మీద ఉన్నవే. అంటే చేతిలో ఉన్న ఆస్తి పేరు, రంగులు, జనం మాత్రమే.

ఇంగ్లండ్‌లో దారి వేరు. అక్కడ పందొమ్మిదో శతాబ్దం చివరికే క్లబ్బులు లిమిటెడ్ కంపెనీలయ్యాయి. వాటాదారులు లాభాలు తోడుకోకుండా ఫుట్‌బాల్ సంఘం డివిడెండుకు పరిమితి పెట్టింది. 1983లో టోటెన్‌హామ్ హాట్‌స్పర్ పైన ఒక హోల్డింగ్ కంపెనీ పెట్టి, ఆ నియమాన్ని పక్కనబెట్టి లండన్ షేర్ మార్కెట్లోకి వెళ్లింది.

అలాగని కోల్‌కతాలో యజమాని లేకపోవడమంటే ప్రజాస్వామ్యం నడిచిందని కాదు. కార్యవర్గాల్లో అవే ముఖాలు దశాబ్దాల పాటు కనిపించేవి. ఆటగాళ్లు పేరుకు అమెచ్యూర్లు. డబ్బు చాటున చేతులు మారేది. సంతకాల రోజులొస్తే అవతలి క్లబ్బు ఎత్తుకుపోకుండా ఆటగాణ్ణి రహస్యంగా దాచిపెట్టేవారు. లాభాపేక్ష లేని చోట పలుకుబడి అపేక్ష ఉండేది; నగర రాజకీయాల్లో, వ్యాపారాల్లో క్లబ్బు పదవి పనికొచ్చేది. విదేశీయులను తీసుకోని మోహన్ బగాన్ 1991లో నైజీరియా ఆటగాడు చీమా ఒకోరీని తెచ్చుకుని ఆ పట్టు వదిలింది. అప్పటి నుంచి ఖర్చు చందాలతో తీరేది కాకపోయింది.

మద్యం కంపెనీ, చిట్‌ఫండ్ కంపెనీ

1998లో విజయ్ మాల్యాకు చెందిన యూబీ గ్రూపు రెండు క్లబ్బులతోనూ ఒకేసారి ఒప్పందం చేసుకుంది. ఫుట్‌బాల్ జట్ల కోసం విడి కంపెనీలు పుట్టాయి. ఒకటి ‘మెక్‌డొవెల్ మోహన్ బగాన్’, రెండోది ‘కింగ్‌ఫిషర్ ఈస్ట్ బెంగాల్’. గ్యాలరీల్లో ఒకరి మొహం ఒకరు చూడని జనం ఒకే వ్యాపారి రెండు సీసాల పేర్లు ఛాతీ మీద వేసుకుని తిరిగారు. కంపెనీకి ఎవరు గెలిచినా ఒకటే. గొడవ చల్లారకుండా ఉంటే చాలు. అభిమానుల వైరమే సరుకైన తొలి సందర్భంగా దీన్ని చెప్పుకోవాలి.

తర్వాత శారదా గ్రూపు కూడా రెండు క్లబ్బులకూ డబ్బిచ్చింది. ఆ చిట్‌ఫండ్ సంస్థ 2013లో కుప్పకూలింది. మరుసటి ఏడాది సీబీఐ దర్యాప్తులో రెండు క్లబ్బుల పెద్దలూ అరెస్టయ్యారు. 2016 మార్చిలో మాల్యా దేశం విడిచి వెళ్లాడు.

ఫ్రాంచైజీల కాలం

2010లో అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య తన వాణిజ్య హక్కులను 15 ఏళ్లకు 700 కోట్ల రూపాయలకు ఐఎంజీ-రిలయన్స్‌కు ఇచ్చింది. ఆ ఒప్పందం నుంచి 2014లో ఇండియన్ సూపర్ లీగ్ వచ్చింది. అప్పట్లో ఇందులో చోటు ఆటలో గెలిచి సంపాదించేది కాదు, ఫ్రాంచైజీ రుసుము కట్టి కొనుక్కునేది. ఓడితే కింది డివిజన్‌కు దిగిపోయే భయమూ ఉండేది కాదు. పెట్టుబడి పెట్టేవాడికి నచ్చింది అదే. కోల్‌కతాకు ‘అట్లెటికో డి కోల్‌కతా’ వచ్చింది. స్పెయిన్‌లోని అట్లెటికో మాడ్రిడ్, పారిశ్రామికవేత్త సంజీవ్ గోయెంకా, క్రికెటర్ సౌరవ్ గంగూలీ అందులో భాగస్వాములు. ఆ జట్టు 2014లోనూ 2016లోనూ లీగు గెలిచింది. స్పెయిన్ క్లబ్బు 2017లో తప్పుకున్నాక అది ‘ఏటీకే’ అయింది. కప్పులు దొరికాయి గానీ తాత నుంచి మనవడికి దిగే అభిమానం దొరకలేదు. అది ఉన్న క్లబ్బులేమో డబ్బులేక పాత జాతీయ లీగైన ఐ-లీగులోనే ఉండిపోయాయి.

2020 జనవరి 16న ఆ రెండు కొరతలూ ఒక ఒప్పందంలో కలిశాయి. గోయెంకా ఆర్‌పీఎస్‌జీ గ్రూపుకు 80 శాతం, మోహన్ బగాన్ క్లబ్బుకు 20 శాతం వాటాతో కొత్త కంపెనీ ప్రకటించారు. మూడు రోజులకే ఐ-లీగులో ఇరుజట్ల ఆట జరిగింది. మోహన్ బగాన్ 2-1తో గెలిచింది. ఆ రోజు ఈస్ట్ బెంగాల్ గ్యాలరీలో పౌరసత్వ పత్రాల వివాదం మీద పెద్ద బ్యానరు లేచింది. ఈ నేలను రక్తమిచ్చి కొనుక్కున్నాం, కాగితాలిచ్చి కాదని దాని భావం. కాందిశీకుల క్లబ్బు తన మూలాన్ని మరవలేదనడానికి అంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు.

జూలై 10న కొత్త బోర్డు ఆకుపచ్చ-మెరూన్ రంగులూ, పడవ గుర్తూ అలాగే ఉంచుతామంది. కానీ పేరు ‘ఏటీకే మోహన్ బగాన్’. నిన్నటి ప్రత్యర్థి పేరు ముందు, 1889 నాటి పేరు తర్వాత. ‘రిమూవ్ ఏటీకే’ నినాదం గోడల మీద, గ్యాలరీల్లో, ఊరేగింపుల్లో మూడేళ్లు వినిపించింది. తమ జట్టు గెలుస్తుండగా తమ యజమాని మీద తిరగబడ్డ అభిమానులు మన దేశంలో అరుదు. 2023 మార్చి 18న గోవాలో బెంగళూరు ఎఫ్‌సీని పెనాల్టీల్లో ఓడించి లీగు గెలిచిన రాత్రే గోయెంకా ఏటీకే పదాన్ని తీసేస్తున్నట్టు ప్రకటించారు. జూన్ 1 నుంచి జట్టు ‘మోహన్ బగాన్ సూపర్ జెయింట్’ అయింది. ఆ తోక ఎక్కడిదో ఐపీఎల్ చూసేవారికి వెంటనే తెలుస్తుంది: లక్నో సూపర్ జెయింట్స్ కూడా ఆయనదే. మే 20న ఈడెన్‌లో లక్నో క్రికెట్ జట్టు ఆకుపచ్చ-మెరూన్ దుస్తుల్లో ఆడింది. అభిమానులు గెలిచారా, వ్యాపారి గెలిచాడా అంటే, ఇద్దరూ అనే చెప్పాలి.

ఈస్ట్ బెంగాల్ దారి ఇంత సాఫీగా లేదు. 2018లో బెంగళూరు కంపెనీ క్వెస్ 70 శాతం వాటాతో వచ్చి, రెండేళ్లకే వెళ్లిపోయింది. ఎదురింటివాళ్లు సూపర్ లీగులోకి వెళుతుంటే క్లబ్బు శతాబ్ది ఏడాదిలో తాము బయట ఉండటం ఊహించలేని విషయం. చివరికి 2020 సెప్టెంబరులో ముఖ్యమంత్రి మమతా బెనర్జీ చొరవతో శ్రీ సిమెంట్ వచ్చింది. తొలి ఒప్పందం మీద జట్టు బరిలోకి దిగింది గానీ, తుది పత్రాల మీద సంతకం పెట్టడానికి క్లబ్బు పెద్దలు నిరాకరించారు. తమ హక్కులు పూర్తిగా పోతాయన్నది వారి వాదన. 2021 జూలైలో అభిమానులు క్లబ్బు గుడారం ముందు చేరి, సంతకం పెట్టమని గొడవ చేస్తే పోలీసులు లాఠీలు ఝళిపించారు. మోహన్ బగాన్ వాళ్లు కంపెనీ మీద తిరగబడితే, ఈస్ట్ బెంగాల్ వాళ్లు కంపెనీ కావాలని తమ కార్యవర్గం మీద తిరగబడ్డారు. 2022లో శ్రీ సిమెంట్ పోయి, ఇమామీ గ్రూపు వచ్చింది. 2024 జనవరిలో సూపర్ కప్పు గెలిచేదాకా ఆ క్లబ్బుకు చాలా ఏళ్లుగా జాతీయ స్థాయి కప్పే లేదు.

లాభం సంగతి

ఇన్ని చేతులు మారినా, జట్టు నడపడం మీదే లాభం తీసినవారు కనిపించరు. టికెట్లూ టీవీ వాటా కలిసినా ఆటగాళ్ల జీతాలకు చాలవు. వచ్చేది పరోక్ష లాభం: బ్రాండుకు పేరు, ప్రభుత్వంతో మంచి, ఇతర జట్లకు ప్రచారం. అందుకే క్వెస్, శ్రీ సిమెంట్ లాంటివి చప్పున వచ్చి చప్పున పోయాయి. క్లబ్బు మీద బతికే వ్యాపారం కాదు కాబట్టి, విడిచిపెట్టడం కష్టం కాలేదు.

ఈ లాభాల లెక్కలతోనూ, వైరంతోనూ పనిలేకుండా ఇరుపక్షాల అభిమానులు ఒక్కటైన రోజూ ఉంది. ఆర్జీ కర్ ఆసుపత్రిలో యువ వైద్యురాలి హత్యాచారంపై నగరం అట్టుడుకుతున్నప్పుడు, 2024 ఆగస్టు 18న జరగాల్సిన డ్యురాండ్ కప్పు ఆటను భద్రత పేరుతో రద్దు చేశారు. ఆట లేకపోయినా జనం సాల్ట్ లేక్ స్టేడియం దగ్గరికి వచ్చారు. మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్ జెండాలు పక్కపక్కనే ఎగిరాయి. నగరంలోని మరో క్లబ్బు మొహమ్మదన్ స్పోర్టింగ్ అభిమానులూ కలిశారు. మోహన్ బగాన్ కెప్టెన్ శుభాశీష్ బోస్ కూడా వారిలో నిలబడ్డాడు. పోలీసులు లాఠీలు తీశారు.

తెలుగు నేల మీద ఇదే లీగు మరో ముగింపు చూసింది. పుణె ఫ్రాంచైజీ స్థానంలో 2019లో వచ్చిన హైదరాబాద్ ఎఫ్‌సీ 2021-22లో లీగు విజేత. తర్వాత జీతాల బకాయిల్లో మునిగి, 2024లో బీసీ జిందాల్ గ్రూపు చేతికి వెళ్లింది. 2025లో ఆ ఫ్రాంచైజీ ఢిల్లీకి తరలి పేరు మార్చుకుంది. అడ్డుపడే సభ్యుల సంఘం లేదు, గుడారం ముందు గుమిగూడే జనమూ లేరు. కోల్‌కతాలో 80 శాతం వాటా ఉన్నవాడు మూడు అక్షరాలు నిలబెట్టుకోలేకపోయాడు.