ఛందఃప్రస్తారం – అర్రే భాషలు: ఒక పరిశీలన

సంఖ్యల వరుసను, పట్టికను ఒకే రాశిగా గ్రహించి, దానిపై జరగవలసిన గణననంతటినీ ఒకే సంకేతంతో చెప్పగల కంప్యూటర్ భాషలు అర్రే భాషలు. వీటిలో ప్రథమగణ్యమైన ఏపీఎల్ తొలుత యంత్రం కోసం పుట్టినది కాదు. హార్వర్డ్ విశ్వవిద్యాలయ అధ్యాపకుడు కెన్నెత్ ఐవర్సన్ బోధన కోసం కల్పించుకొన్న సంకేతలిపి 1962లో ‘ఎ ప్రోగ్రామింగ్ లాంగ్వేజ్’ అనే గ్రంథంగా వెలువడింది. 1966 నాటికి ఐబీఎం యంత్రాలపై నడిచే భాషయింది. సంకేతం ఆలోచనకు సాధనమన్నది ఐవర్సన్ 1979లో ట్యూరింగ్ పురస్కార ప్రసంగానికి ఎన్నుకొన్న విషయం.

ఛందశ్శాస్త్రంలో గణాలు ఇటువంటి సంకేతాలే. ‘భ’ అన్న ఒక్క అక్షరం గురు లఘు లఘు క్రమాన్ని సూచిస్తుంది. పింగళుడు సూత్రీకరించిన ప్రస్తారం, పాదానికి సాధ్యమైన గురులఘు విన్యాసాలన్నిటినీ పట్టికగా పరుస్తుంది. ఇరవై అక్షరాల కృతిచ్ఛందంలో అవి 10,48,576. వాటిలో ఉత్పలమాల 3,55,799వది. దీనిని సాధించే ప్రక్రియ ఉద్దిష్టం. పాదాక్షరాలకు వరుసగా 1, 2, 4, 8 అని రెట్టింపు విలువలిచ్చి, లఘుస్థానాల విలువలను కూడి, ఒకటి కలపాలి. భ, ర, న, భ, భ, ర, ల, గ అన్న క్రమంలో లఘువుల మొత్తం 3,55,798. సంఖ్యనుండి వృత్తాన్ని రాబట్టే నష్టం దీనికి విలోమం. గురువును 0గా, లఘువును 1గా వ్రాస్తే, ఏపీఎల్‌లో ఈ కూడికనంతటినీ ఒక సంకేతం, దాని విలోమాన్ని మరొక సంకేతం నిర్వహిస్తాయి.

ఈ సామ్యాన్ని వంశక్రమంగా భావించరాదు. ఐవర్సన్ సంస్కరింపబూనినది ఆధునిక గణితసంకేతాలను. పైగా ప్రస్తారం వరుస తరువాత వరుసను వ్రాసే విధానం. ఏపీఎల్ పట్టికనంతటినీ ఒక్కసారిగా గ్రహిస్తుంది.

పోలిక ప్రయోజనం దేశిచ్ఛందస్సు వద్ద స్పష్టమవుతుంది. ఆటవెలది బేసి పాదంలో మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు ఉంటాయి. సూర్యగణాలు రెండు, ఇంద్రగణాలు ఆరు కనుక గణవిన్యాసాలు 2×2×2×6×6, అనగా 288. గణాన్ని బట్టి అక్షరసంఖ్య మారుతుంది కాబట్టి వర్ణవృత్తాల ద్విసంఖ్యా ప్రస్తారం ఇక్కడ చాలదు. స్థానస్థానానికీ ఆధారసంఖ్య మారాలి. ఏపీఎల్ సంకేతాలు గంటలు, నిమిషాలు, సెకన్లవలె ఇట్టి మిశ్రమాధారాన్నీ అంగీకరిస్తాయి.

1990లో వచ్చిన జే భాష, 2006లో వెలువడిన నంపై గ్రంథాలయం ఈ ఆలోచనాసరణిని కొనసాగించాయి. నేడు పద్యాలను యంత్రంతో పరిశీలించే పరిశోధకుడు గురులఘువులను 0, 1లుగా మార్చి తృప్తిపడితే ఉత్పలమాల లెక్కకు వస్తుంది. ఆటవెలది గణస్వరూపం మాత్రం జారిపోతుంది. దేశిచ్ఛందస్సుకు మొదట కావలసినది గణాన్ని ఏకాంశంగా నిలిపే సంకేతం.