కంప్యూటర్ సరే, మరి లైబ్రేరియన్‌కి నేర్పేదెవరు?

ప్రభుత్వ గ్రంథాలయాలకి కంప్యూటర్లు అనగానే మనం మిషన్ల లెక్క వేస్తాం. వాటి ముందు కూర్చునే మనిషిని మర్చిపోతాం.

1953 దాకా ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల మద్రాసు కిందే ఉండేవి. అక్కడ 1929లోనే రంగనాథన్ (లెక్కల మాస్టారుగా చేసి లైబ్రేరియన్ అయినాయన) మద్రాసు గ్రంథాలయ సంఘం తరఫున వేసవి శిక్షణ మొదలుపెట్టాడు. 1931లో దాన్ని యూనివర్సిటీ తీసుకుంది. అప్పటి టెక్నాలజీ అంటే వర్గీకరణ, కేటలాగు కార్డు. గ్రంథాలయ చట్టం వచ్చింది 1948లో. అంటే చట్టానికి 19 ఏళ్ల ముందే శిక్షణ!

మనం ఈ వరస తిరగేశాం. 2000ల్లో డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా కోసం వేల తెలుగు పుస్తకాలు స్కాన్ చేశారు. పేర్లు మాత్రం చాలావరకు ఇంగ్లీషు అక్షరాల్లో, తప్పులతడకగా ఎక్కించారు. పుస్తకం ఉంటుంది, వెతికితే దొరకదు. యూనికోడ్‌లో తెలుగు 1991 నుంచీ ఉంది కాబట్టి ఇది మిషన్ తప్పు కాదు, నేర్పకపోవడం తప్పు.

ఆస్తిపన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్ను కడుతున్నాం. అందులో కొంత పెట్టి ఈ మూడు ఊళ్ల సిబ్బందికి తెలుగు టైపింగు, కేటలాగు ఎక్కించడం నేర్పితే చాలు. ప్రొద్దుటూరు బీరువాలో ఏ పుస్తకం ఉందో జమ్మలమడుగు పాఠకుడు, పులివెందుల పాఠకుడు ఇంట్లోంచే చూసుకుంటారు. మిషన్లు ఆ తర్వాత కొనొచ్చు. ఏమంటారు?